రెండో నంబరు పిరికితనం

పోయిన నెల మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. దవడ కింద మూడు చోట్ల టిష్యూ ముక్కలు అంటించుకుని ఉన్నాడు, ఒక్కో ముక్క మధ్యలో ఒక ఎర్ర చుక్క. కింద ఒక్కటే వాక్యం: "నువ్వు చెప్పినట్టే రెండు మీదే పెట్టా మామయ్యా."

నిజమే, చెప్పింది నేనే. వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు, హాస్టల్లో ఉంటాడు. షేవింగ్ కార్ట్రిడ్జిల ఖర్చు భరించలేక, నంబర్లు తిప్పుకునే రేజరొకటి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్నాయట, నంబరు పెరిగేకొద్దీ బ్లేడు గడ్డాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. దేని మీద పెట్టుకోవాలని ఫోన్ చేశాడు. నేనప్పుడు రైతుబజారు సంచులు రెండు చేతుల్లో పట్టుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మెట్లెక్కుతున్నాను. "కొత్త కదరా, రెండు మీద పెట్టుకో, సేఫ్" అని పెట్టేశాను.

ఈ ప్రశ్నకి అందరూ చెప్పే జవాబే అది. పదేళ్ల కిందట నాకూ అదే చెప్పారు. ఆ సలహాతో నేనూ కొన్ని నెలలపాటు కాలరు మీద నెత్తురు మరకలతో ఆఫీసుకెళ్లాను. అన్నీ తెలిసి మళ్లీ అదే మాట వాడికి అప్పజెప్పాను. జాగ్రత్త చెప్పినవాణ్ని ఎవరూ తప్పు పట్టరు కదా, అందుకు.

నా మాట ఇదీ: తక్కువ నంబరు పెట్టుకుంటే గాట్లు పడవన్నది సగం అబద్ధం. భయపడి నంబరు తగ్గించుకున్నవాడు ఆ లోటుని చేతి బలంతో పూడ్చుకుంటాడు. తెగేది అక్కడే. ఇది నేను ఒక్కరోజులో తేల్చుకున్నది కాదు. ఇప్పటికీ ఇందులో రెండు మూడు చోట్ల అనుమానం ఉంది, అదీ రాస్తాను.

పెదనాన్న ఏడు

నా రేజరు నేను కొన్నది కాదు. మా పెదనాన్న ఓడల్లో పనిచేసేవారు. విశాఖలో ఇల్లు, ఏడాదిలో సగం సముద్రం మీద. ఏ రేవులో కొన్నారో తెలియదు గానీ ఆయన దగ్గర ఒక జిల్లెట్ స్లిమ్ ఉండేది. పిడి చివర తిప్పితే పైన రెండు తలుపులు కిటికీ రెక్కల్లా తెరుచుకుంటాయి, బ్లేడు అందులో పడేసి మళ్లీ తిప్పితే మూసుకుంటాయి. మెడ దగ్గర ఒక రింగు, దాని మీద 1 నుంచి 9 దాకా అంకెలు. తల కింద ఒక పక్క జె అనే ఇంగ్లీషు అక్షరం, ఇంకో పక్క 2 ఉంటాయి. ఆ కంపెనీ అప్పట్లో ఏడాదికొక అక్షరం, మూడు నెలలకొక అంకె వేసేది. ఆ లెక్కన ఇది 1964 రెండో త్రైమాసికంలో తయారైంది. అంటే నాకంటే పెద్దది.

సెలవుల్లో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన గడ్డం గీసుకుంటుంటే చూడటం నాకొక కాలక్షేపం. వరండా కిటికీ ఊచకి అద్దం తగిలించేవారు. రింగు తిప్పే ముందు పిడి చివర మర కొంచెం వదులు చేసేవారు, తిప్పాక బిగించేవారు. ఎందుకని అడిగితే, "బిగించి ఉండగా తిప్పితే బ్లేడు నలుగుతుందిరా" అన్నారు. నంబర్ల గురించి ఆయన నాకు చెప్పింది ఇంతే.

ఆయన పోయాక రేజరు నా చేతికొచ్చింది. రింగు 7 మీద ఉంది. ఉప్పుగాలికి ముదిరిన చర్మం, తీగల్లాంటి గడ్డం, అందుకే ఏడు పెట్టుకునేవారని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఏసీలో కూర్చుని కంప్యూటరు ముందు పనిచేసే నా మొహానికి ఏడా? భయమేసింది. రెండుకి తిప్పాను. తిప్పే ముందు వదులు చేయడం మర్చిపోయాను కూడా, లోపల ఇనుము ఇనుముని గీరిన చప్పుడు వచ్చింది.

అసలు సంగతి చాలా ఏళ్ల తర్వాత పెద్దమ్మ నోట బయటపడింది. మాటల్లో మాటగా, "మీ పెదనాన్న ఇంట్లో ఉంటే ఆదివారం, బుధవారం తప్ప మొహాన కత్తి పెట్టేవారా?" అంది. మంగళ, శుక్ర, శనివారాలు పనికిరావు. సోమవారం ముందురోజే అయిపోయింది. గురువారమూ అంతే. అంటే ఆయన ఎప్పుడు రేజరు పట్టుకున్నా మూడు రోజుల గడ్డమో, నాలుగు రోజుల గడ్డమో ఉండేదన్నమాట. గడ్డం రోజుకి సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నాలుగో రోజుకి ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఆ ఏడు ఆయన చర్మానిది కాదు, ఆయన పాటించిన వారాలది.

నేనేమో ఆఫీసు కోసం రోజు విడిచి రోజు గీసుకునేవాణ్ని. కాబట్టి నాకు ఏడు అక్కర్లేకపోవచ్చు. కానీ రెండు ఎక్కణ్నుంచి వచ్చింది? భయం నుంచి వచ్చింది, అంతకుమించి దానికి ఏ ఆధారమూ లేదు.

ఆ సందులో ఏం జరుగుతుంది

రింగు తిప్పినప్పుడు కదిలేది బ్లేడు కాదు, దాని కింద ఉన్న పళ్లెం. పళ్లెం కిందికి దిగితే బ్లేడు అంచుకీ, చర్మాన్ని ఆపే కడ్డీకీ మధ్య సందు పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? ప్లేట్లు మార్చుకునే రాక్‌వెల్ రేజర్లలో ఒకటో నంబరు ప్లేటు సందు 0.20 మిల్లీమీటర్లు, ఆరో నంబరుది 0.79. అంటే ఈ గొడవంతా అర మిల్లీమీటరు చిల్లర గురించి. బ్లేడు మందమే 0.1 ఉంటుంది కాబట్టి ఆ అర మిల్లీమీటరు తక్కువేం కాదనుకోండి.

సందు తక్కువగా ఉంటే బ్లేడు అంచు దాదాపు కడ్డీ చాటున ఉంటుంది. అప్పుడు అది వెంట్రుకని మొదలు దగ్గర కోయదు, మధ్యలో కోస్తుంది. చెయ్యి పెట్టి చూసుకుంటే గరుకు తగులుతుంది. సరే అని మళ్లీ గీస్తాం. నురగ అప్పటికే పోయింది. ఇంకా గరుకు. ఈసారి కొంచెం నొక్కి గీస్తాం. నొక్కితే చర్మం ఆ సందులోకి పొంగుతుంది. తయారీదారు ఇంజనీరు ఎంతో లెక్కగా తగ్గించిన సందుని మనం బొటనవేలి బలంతో దాటేశామన్నమాట. పొడి చర్మం, నాలుగో గీత, మీద ఒత్తిడి. ఇక నెత్తురు రాకుండా ఎలా ఉంటుంది?

నంబరు పెంచితే ఇదంతా తిరగబడుతుంది. బ్లేడు ఆనించగానే వెంట్రుక తెగిన చప్పుడు వినిపిస్తుంది. ఈ చప్పుడు ముఖ్యం. చిన్న నంబరు మీద నాకు ఎప్పుడూ వినిపించలేదు. వినిపించాక నొక్కాలని అనిపించదు. పైగా కాస్త భయంగా కూడా ఉంటుంది, ఆ భయానికి చెయ్యి దానంతటదే తేలికవుతుంది. నా పిరికితనం నంబరులో కాకుండా చేతిలో ఉండాల్సిందని నాకు తట్టడానికి రెండేళ్లు పట్టింది.

తక్కువ నంబరు చేసే ఇంకో పని చెప్పాలి. ఒక ఏడాది అయ్యప్ప మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజుల గడ్డం, సెంటీమీటరు దాటి ఉంది. శబరిమల నుంచి రాగానే, రైలు బడలికలో, కత్తెర వేయకుండా తిన్నగా రేజరు పెట్టాను. రెండు మీదే. ఒక్క గీతకి రేజరు నోరు వెంట్రుకలతో, సబ్బుతో నిండిపోయింది. కుళాయి కింద పెట్టి కడగడం, మళ్లీ గీయడం, మళ్లీ నిండటం. అరగంటకి ఒక చెంప అయింది. మా ఆవిడ బయట నుంచి, "ఏవండీ, నీళ్లన్నీ అయిపోతున్నాయి, కావాలంటే సెలూన్‌కి వెళ్లండి" అంది. అలాగే వెళ్లాను, సగం గడ్డంతో, తువ్వాలు కప్పుకుని. (అంత గడ్డానికి తొమ్మిది పెట్టినా లాభం లేదు, ముందు కత్తిరించుకోవాల్సిందే. ఆ తెలివి అప్పుడు లేదు.)

నంబరు కొలత కాదు

మా ఆఫీసులో ఒకాయన ఇరవై ఏళ్లుగా నంబర్లు లేని మామూలు రేజరు వాడతాడు. ఆయన వాదన ఏమిటంటే, పిడి కొంచెం ఎత్తితే ఒక రకం, దించితే ఇంకో రకం, మణికట్టే డయలు, మిగతాదంతా అమ్ముకునేవాళ్ల తెలివి. ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. 1903లో, అమ్మకం మొదలైన ఏడాది, జిల్లెట్ కంపెనీ అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అప్పటి నుంచి యాభై ఏళ్లకు పైగా ఆ కంపెనీ రింగు లేకుండానే కోట్లమంది గడ్డాలు గీయించింది. అంకెల రింగున్న 195 మోడల్ వచ్చింది 1958లో, ధర 1.95 డాలర్లు కాబట్టి పేరూ అదే. 1971లో రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జి వచ్చాక ఈ గొడవ మనకి తప్పింది. సందెంతో, కోణమెంతో ఫ్యాక్టరీలోనే తేల్చేసి ప్లాస్టిక్‌లో బిగించి ఇచ్చేశారు. దానికి మనం కడుతున్న ధర చూసే కదా మా మేనల్లుడు పారిపోయింది.

కాబట్టి రింగు లేకపోతే గడ్డం గీసుకోలేమని నేననను. ఉన్నప్పుడు దాన్ని దేనికి వాడాలన్నదే ప్రశ్న. మన మొహానికి సరిపోయే ఒక నంబరు ఎక్కడో ఉంది, దాన్ని కనిపెడితే జీవితాంతం అదే అని చాలామంది అనుకుంటారు, చెప్పుల సైజులాగా. ఆ ఆలోచనే నాకు నచ్చదు. పైగా ఈ నంబర్లకి ఒక ప్రమాణమంటూ లేదు. స్లిమ్‌కి తొమ్మిది, జర్మనీ సోలింగెన్‌లో తయారయ్యే మెర్కుర్ ప్రోగ్రెస్‌కి ఐదు, అదే మెర్కుర్ ఫ్యూచర్‌కి ఆరు. ఒకదాని మూడుకీ ఇంకోదాని మూడుకీ చుట్టరికం లేదు. నేను ఫోన్లో వాడికి "రెండు" అన్నప్పుడు నా మనసులో ఉన్నది తొమ్మిదిలో రెండు. వాడి చేతిలో ఉన్నది ఐదులో రెండు. ఆ ఒక్క తేడా చాలు నా సలహా ఎంత ఆలోచించి ఇచ్చిందో తెలియడానికి.

క్యాలెండర్లో లెక్క

వాడి ఫొటో చూశాక ఆ తప్పు గీకుతూనే ఉంది. సరే, ఈసారి లెక్క రాసుకుందామని కూర్చున్నాను. సెవెన్ ఓ క్లాక్ బ్లేడ్లు ఒక ప్యాకెట్, ఒకటే క్రీము, రోజు విడిచి రోజు, వారానికొక నంబరు. 2, 4, 6, 8. ప్రతి వారం మొదట్లో కొత్త బ్లేడు. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్లో, తిథి నక్షత్రాల కింద మిగిలే చోట, నంబరు ఒకటి, గాట్లు ఒకటి గీత గీసి రాసేవాణ్ని. 2/2. 4/1. మూడో వారంలో మా ఆవిడ క్యాలెండరు ముందు నిలబడి, "ఈ 6/0 ఏంటండీ, పాలు రాలేదా?" అంది.

మొదటి వారం, రెండు మీద: మొత్తం ఐదు గాట్లు, మూడు చుట్లు గీసినా సాయంత్రానికి దవడ కింద గరుకు. నాలుగు మీద మూడు. ఆరు మీద వారమంతా కలిపి ఒక్కటి, అదీ ముక్కు కింద, తొందరలో. రెండు చుట్లకే పనైపోయింది. ఎనిమిది మీద గాట్లు రెండే గానీ మెడంతా ఎర్రగా మండింది, పటిక రాస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఈ వ్యాసం చాలా హుందాగా ఉండేది. రెండుకి ఐదు, ఆరుకి ఒకటి. చూశారా, నేను చెప్పలేదా అని.

నాకే తెగని అనుమానం

ఐదో వారం మళ్లీ రెండుకి వెళ్లాను. గాటు ఒక్కటే పడింది. ఐదు ఎందుకు పడలేదు?

ఆలోచిస్తే తెలిసింది, మధ్యలో ఆరు, ఎనిమిది మీద నడిచిన రెండు వారాల్లో నా చెయ్యి మారిపోయింది. పెద్ద నంబరు భయపెట్టి నేర్పిన తేలికదనం చిన్న నంబరుకి తిరిగొచ్చాక కూడా చేతిలో ఉండిపోయింది. కాబట్టి మొదటి వారం నెత్తురులో సగం పాపం నంబరుది కాదు, చేతిది. నంబరు చేసిందల్లా ఆ చెయ్యి అలా నొక్కేలా అలవాటు చేయడం. గరుకు మాత్రం ఐదో వారంలోనూ పోలేదు. నాలుగు చుట్లు గీస్తే గానీ నున్నగా కాలేదు, నాలుగో చుట్టులో చర్మం చిరచిరలాడింది. అంటే నంబరు నాకు ఇచ్చేది టైము, గీతల సంఖ్య. నెత్తురు సంగతి చూసుకునేది చెయ్యి. నా మొదటి మాటని అంతమేరకు తగ్గించుకుంటున్నాను.

బ్లేడు ఇంకో తిరకాసు. వెంట్రుక ఉక్కుకంటే యాభై రెట్లు మెత్తన, అయినా బ్లేడు మొద్దుబారుతుంది ఎందుకని అమెరికాలో ఎంఐటీ వాళ్లు సూక్ష్మదర్శినిలో చూశారు, 2020లో సైన్స్ పత్రికలో వేశారు. అంచు సమంగా అరిగిపోదట, వెంట్రుక వంగి తగిలిన చోట, కొన్ని పరిస్థితులు కలిసొస్తే, చిన్న చిన్న పెచ్చులు ఊడతాయట. అలాంటప్పుడు వారంలో నాలుగో షేవింగ్ నాటి బ్లేడు మొదటి రోజు బ్లేడు కాదు. నా క్యాలెండరు లెక్కలో దానికి గడి లేదు.

అన్నిటికంటే పెద్ద దొంగ నీళ్లు. మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంటు. ఆ నీళ్లతో కలిపిన నురగ విరిగిన పాలలా చెంప మీద ముక్కలవుతుంది. మూడో వారం నుంచి నేను ఒక చెంబుడు తాగే నీళ్లు కాచుకుని వాడటం మొదలుపెట్టాను, ప్రయోగం నియమాలకి విరుద్ధంగా, బద్ధకం లేని ఒక ఆదివారం. ఆరు బాగా పనిచేసిందా, వేడి మంచినీళ్లు పనిచేశాయా? రెండూ అనే అనుకుంటున్నాను. ఆ మధ్య మా వీధి చివర సెలూన్లో కూర్చుని ఊరికే గడియారం చూశాను. ఆయన బ్రష్షుతో నురగ రుద్దింది నాలుగు నిమిషాలు. సగానికి విరిచిన బ్లేడు పెట్టిన కత్తితో గీసింది మూడు నిమిషాలకి లోపే. నేను ఇంట్లో నురగకి ఇచ్చేది నలభై సెకన్లు. తడిసిన వెంట్రుక మెత్తబడటానికి రెండు మూడు నిమిషాలు కావాలి. అది ఇవ్వకుండా రింగు తిప్పుకుంటూ కూర్చోవడం, పప్పు నానబెట్టకుండా గ్రైండర్ స్పీడు పెంచడం లాంటిదే.

మెడ, మొటిమలు

ఇంకో ఒప్పుకోలు. తక్కువ నంబరే సరైన మొహాలు ఉన్నాయి. మొటిమలున్న కుర్రాళ్లకి సందు పెద్దదైతే బ్లేడు మొటిమ తలనే ఎగరగొడుతుంది. వంకీల గడ్డం ఉన్నవాళ్లకి మరీ నున్నగా గీస్తే వెంట్రుక చర్మం లోపలే వంకర తిరిగి పొక్కులు లేస్తాయి, వాళ్లు కాస్త గరుకు ఉంచుకోవడమే మేలు. రోజూ తప్పకుండా గీసుకునేవాళ్లకి నా స్లిమ్ లాంటి రేజరులో మూడు చాలు, ఆరు దండగ. నాక్కూడా చెంపల మీద ఆరు, మెడ దగ్గరికొచ్చేసరికి నాలుగు. మధ్యలో ఆగి, మర వదులు చేసి, తిప్పి, బిగించి, మళ్లీ మొదలెడతాను. మెడలో వెంట్రుకల వాలు ఎడమ పక్క కిందికి, కుడి పక్క అడ్డంగా ఉంటుందని నలభై ఏళ్లొచ్చాక తెలిసింది నాకు. అంతవరకూ కుడి పక్క ఎదురు గీస్తూ నంబరుని తిట్టుకున్నాను.

వీళ్లలో ఎవరికైనా తక్కువ నంబరు పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. నాకు గానీ, ఆ రోజు మా వాడికి గానీ లేదు. వాడి మొహాన మొటిమ ఒక్కటి లేదు, పరీక్షల వల్ల వారం రోజుల గడ్డం ఉంది.

మొన్న ఆదివారం వాడే ఫోన్ చేశాడు. ఈసారి నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను.

"మామయ్యా, బుధవారం ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ. అమ్మ మంగళవారం వద్దంటోంది. బుధవారం పొద్దున్నే గీసుకుంటా. ఎంత పెట్టమంటావ్?"

"ఆఖరిసారి ఎప్పుడు గీశావు?"

"ఇవాళే."

"మూడు రోజులది. హాస్టల్లో వేడినీళ్లు వస్తాయా?"

"ఆరు లోపు లేస్తే వస్తాయి."

"అయితే ఆరు లోపు లే. నురగ పెట్టి పళ్లు తోముకో, ఆ తర్వాతే రేజరు పట్టుకో. ముందు మూడు మీద ఒక చెంప చూడు. చప్పుడు వినిపిస్తే అదే ఉంచు. వినిపించకపోతే నొక్కకు, నాలుగుకి తిప్పు. తిప్పే ముందు వదులు చెయ్యి."

కాసేపు ఏం మాట్లాడలేదు. రాసుకుంటున్నాడేమో అనుకున్నాను.

"పోయినసారి ఒక్క ముక్కలో చెప్పావు కదా మామయ్యా" అన్నాడు.